మన్యవీరుని కథాంతరములు: బలపరిమాణ విచారము

ఒక కథయందు మహాబలశాలియని పేరొందిన పాత్ర మరియొక కథలోనికి వచ్చునపుడు ఆతని బలమెట్లు రావలయును? ఉన్నది ఉన్నట్లుగా రావలయునా, క్రొత్త కథాలోకపు కొలతలనుబట్టి మారి రావలయునా? మారినచో ఆ పాత్ర ఆ పాత్రయే యగునా? మూలమును, పరివర్తనమును ఎదురెదురుగా నుంచి చూచునపుడు మనము ఇతివృత్తమును పోల్చుదుము, వర్ణనలను పోల్చుదుము, రసపోషణమును పోల్చుదుము. బలమును పోల్చుట మాత్రము అరుదు. బలము కొలువదగిన వస్తువు కాదను భావము మనకు సహజముగా నుండుటయే ఇందులకు కారణము కావచ్చును. అయితే బలమును అంకెలతో కొలుచు కథాప్రక్రియ యొకటి ఇటీవలి కాలమున పుట్టి లోకమంతట వ్యాపించియున్నది. ముందుగా దానిని కొంత పరిచయము చేసి, అది నేర్పిన పాఠముతో తూర్పు కనుమల మన్యమునందు పుట్టిన ఒక వీరపాత్రను, అల్లూరి సీతారామరాజును, పరిశీలింపదలచినాము.

1974లో అమెరికాదేశమున గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను ప్రకటించిరి. ఇందు కొందరు ఒక బల్లచుట్టు కూర్చుండి, తలకొక పాత్రను ధరించి, నోటిమాటతో ఒక అద్భుతకథను కలిసి నడుపుదురు. వారిలో ఒకడు సూత్రధారునివలె వ్యవహరించును. పాత్ర యొక్క దేహబలము, తెలివి, కవచపు గట్టిదనము, ప్రాణశక్తి యన్నియు కాగితముమీద అంకెలై యుండును. సాహసములు చేసినకొలది పాత్ర మెట్టుమెట్టుగా పైకెక్కును. దెబ్బ తగిలినపుడు ప్రాణాంకములు తగ్గును. కొన్నియేండ్లకొకసారి ప్రకాశకులు నియమములను మార్చి క్రొత్త కూర్పును వెలువరింతురు. అప్పుడు ఏండ్ల తరబడి పెంచుకొన్న తన పాత్రను క్రొత్త కూర్పులోనికి తెచ్చుకొనవలెనని ఆటగాడు కోరును. చిన్న పాత్రలతో చిక్కు లేదు. మెట్లన్నియు ఎక్కి దేవతలకు సాటివచ్చు పాత్రతోనే చిక్కంతయు.

ఆ చిక్కెట్టిదో ఒక ఉదాహరణముతో తెలియును. 2000వ సంవత్సరపు మూడవ కూర్పునకు ముందు కవచాంకము తగ్గినకొలది కవచము గట్టిది. మూడవ కూర్పులో ఇది తలక్రిందై, అంకె పెరిగినకొలది కవచము గట్టిదైనది. పాత అంకెను 20 నుండి తీసివేసినచో క్రొత్త అంకె వచ్చును. ఇది లెక్క తెలిసిన పిల్లవాడును చేయగలడు. దేహబలము సంగతి యట్లు కాదు. వెనుకటి కూర్పులో మనుష్యుని సహజబలమునకు 18 మేర. ఆపైన 25 వరకు రాక్షసకాయులకును దేవతలకును చెందినది. మూడవ కూర్పులో పైమేర యనునది లేదు. కావున వెనుక 25 అనిన ఇంతకు మించినది లేదని యర్థము. తరువాత అదే 25కు ఇంతకు మించి ఎంతయైన నుండవచ్చునని యర్థము. అంకె మారలేదు. పాత్ర మాత్రము శిఖరమునుండి నడిమెట్టునకు దిగినది. 2008 కూర్పునాటికి నియమములు మిక్కిలి భిన్నములగుటచే పాత్రను అంకెకు అంకెగా మార్చుట విడిచి, ఆతని స్వభావమునుబట్టి క్రొత్తగా నిర్మించుకొనుటయే ఆటగాండ్రకు దిక్కైనది.

ఈ ఆట చరిత్రలోనిదే మరియొక విశేషము మన విషయమునకు ఉపకరించును. 1976లో అనుబంధముగా వెలువడిన ‘గాడ్స్, డెమీగాడ్స్ అండ్ హీరోస్’ అను పుస్తకమున నానాదేశముల దేవతలకు ప్రాణాంకములు నిర్ణయింపబడినవి. మన వేల్పులును దానిని తప్పించుకొనలేదు. సంపాదకుడు టిమ్ కాస్క్ దాని ముందుమాటలో, ఓడిన్ వంటి దేవపితకే 300 ప్రాణాంకములుండగా 44వ మెట్టు ప్రభువునని చెప్పుకొనువానిని ఎవరు లెక్కచేయుదురని ఎత్తిపొడిచెను. అంకెల వెఱ్ఱిని ఆపవలెనని ఆయన తలంపు. కాని అంకె యున్నదానిని సున్న చేయవచ్చును గదా! దేవతకు 300 అని వ్రాసినంతనే దేవత చంపదగినవాడైనాడు. కొలత లేనంతవరకే ఆతడు దేవత.

దీనినిబట్టి తేలునది యేమనగా, బలము పాత్రలో నుండు ద్రవ్యము కాదు. ఆ కథాలోకములోని ఇతరులతో పాత్రకుగల సంబంధము. సంబంధమును తేక అంకెను మాత్రమే తెచ్చినవాడు పాత్రను తెచ్చినవాడు కాడు. ఈ మాట మన ఆలంకారికులకు క్రొత్తది కాదు. నాయకులను దివ్యుడు, అదివ్యుడు, దివ్యాదివ్యుడు అని విభజించుటలోని ప్రయోజనము ఇదియే. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము తృతీయోద్ద్యోతమున ప్రకృత్యౌచిత్యమును విచారించుచు, కేవల మానుషుడైన రాజు సప్తసముద్రములను దాటెనని వర్ణించుట ఎంత సొంపుగా నున్నను నీరసమే యగునని చెప్పినాడు. సాతవాహనాదులు నాగలోకమునకు పోయిరని వినుచున్నాము గదా యను ఆక్షేపమును తానే యెత్తుకొని, లోకప్రసిద్ధమైన ప్రభావమును వర్ణించుట దోషము కాదనియు, కల్పితమానుషకథలోనికి దివ్యోచితమును తెచ్చిపెట్టుటయే దోషమనియు సమాధానము చెప్పినాడు. మన ఆంధ్రదేశమునేలిన సాతవాహనుడే ఆ చర్చకు ఉదాహరణము కావడము మనకు ముచ్చట గొలుపును. మాకు ఇచట ముఖ్యమైనది వేరు. రాజు సముద్రము దాటగలడా లేడా యని ఆనందవర్ధనుడు అడుగుటలేదు. ఈ కథ ఏ లోకప్రసిద్ధికి బద్ధమైయున్నదని యడుగుచున్నాడు. ఆటగాండ్ర భాషలో చెప్పవలెనన్న, ఏ కూర్పు నియమములతో ఆడుచున్నామని యడుగుచున్నాడు.

ఇక మన్యమునకు వత్తము. అరకులోయనుండి నైరృతిగా పాడేరు, చింతపల్లి, గూడెముల మీదుగా గోదావరి యొడ్డువరకు వ్యాపించిన ఈ కొండలలో, పందొమ్మిదవ శతాబ్దమునుండి ఫితూరీలు తరచుగా జరిగినవి. 1879-80 సంవత్సరముల రంప ఫితూరీ వానిలో పేరుగన్నది. సాహిత్యవిద్యార్థికి అంతకంటె ఆసక్తికరమైనది 1900 సంవత్సరమున విశాఖపట్టణపు కొండప్రాంతమందలి కొర్రవానివలసలో జరిగిన చిన్న తిరుగుబాటు. దీనిని గూర్చి జిల్లా గెజెటీరులోను, థర్‌స్టన్ గ్రంథములోను కలదు. కొర్ర మల్లయ్య యను కొండదొర, తాను పంచపాండవులలో నొకని యవతారమనియు, తన పసికుమారుడు శ్రీకృష్ణుడనియు చెప్పెను. వేలకొలది జనము ఆతనిచుట్టు చేరినది. ఆంగ్లేయులను వెడలగొట్టి తాను దేశమునేలుదుననెను. అందులకు ఆయుధములేవి? అనుచరుల చేతిలోని వెదురుకఱ్ఱలు మంత్రబలమున తుపాకులగుననియు, ప్రభుత్వమువారి ఆయుధములు నీరగుననియు ఆతడు ప్రకటించినట్లు గెజెటీరు చెప్పుచున్నది.

అధికారులు దీనిని అజ్ఞానమునకు గురుతుగా వ్రాసికొనిరి. మేము దీనిని ఒక కథాపరివర్తన సూత్రముగా చదువుచున్నాము. కొండదొరలలో పాండవ సంతతివారమని చెప్పుకొనుట కలదు. కావున భారతవీరుని మన్యమునకు తెచ్చుట మల్లయ్యకు పరాయి పని కాదు. అయితే భారతలోకమునందు దివ్యాస్త్రము కలదు, తుపాకి లేదు. 1900 నాటి మన్యమున తుపాకి కలదు, అదియు ఎదుటివాని చేతిలో. అర్జునుని అర్జునునిగా తెచ్చినచో ఈ లోకమున ఆతడు నిలువడు. మల్లయ్య ఆతనికి అంకెలు పెంచలేదు, అస్త్రముల పేర్లు చదువలేదు. సంబంధమును మార్చినాడు: వెదురు తుపాకి యగును, తుపాకి నీరగును. కవచాంకము తలక్రిందైన చందముగా రెండు పక్షముల కొలతలును ఒకేసారి తలక్రిందైనవి. గమనింపదగినది మరియొకటి కలదు. ఆ సూత్రమున బలము మల్లయ్య దేహమునకు రాలేదు. వెదురుకఱ్ఱ పట్టిన ప్రతివాని చేతికిని వచ్చినది. ఆ పోరాటమున పోలీసుల కాల్పులకు 11 మంది మరణించిరి. మల్లయ్య కారాగారమున మరణించెను. సూత్రము చెల్లలేదు. కాని మన్యపు వీరకథ ఏ ప్రశ్నతో పుట్టినదో అది చూపి పోయినది: తుపాకి ఎవని చేతిలో నున్నది?

అల్లూరి సీతారామరాజు కథయంతయు ఈ ప్రశ్నకు సమాధానమే. 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై రాజు అనుచరులతో దాడిచేసి 26 తుపాకులను, 2,500కు పైగా తూటాలను తీసికొనిపోయెను. మల్లయ్య మంత్రముతో చేయుదునన్నదానిని రాజు పట్టపగలు ఠాణాతలుపు తెరిచి చేసినాడు. తీసికొన్న ఆయుధముల వివరమును ఠాణాపుస్తకములోనే వ్రాసి సంతకము చేసెనని చెప్పుదురు. దాడికి ముందు మిరపకాయ టపా పంపి తెలియజేయుచుండెనను ప్రసిద్ధియు కలదు. ముందుగా చెప్పి వచ్చుట, వచ్చి లెక్క వ్రాసి పోవుట, ఈ రెండును కొండవారి దృష్టిలో ఏ దివ్యాస్త్రమునకును తీసిపోని బలప్రదర్శనములు. ఆతనిని గుండ్లు తాకవను నమ్మకము అదివరకే తపస్వియని పొందిన గౌరవముతో కలిసి వ్యాపించినది. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో ప్రకటించిన గూడెము రంప తిరుగుబాటుల వ్యాసమునందును, మురళి అట్లూరి 1984లో వ్రాసిన వ్యాసమునందును ఈ నమ్మకములకు వెనుకనున్న జీవనకారణములు చర్చింపబడినవి: 1882 నాటి అడవిచట్టము, పోడుపై ఆంక్షలు, ముఠాదారుల హక్కుల తరుగుదల, గూడెము డిప్యూటీ తహశీలుదారు బాస్టియన్ కొండవారిచేత నామమాత్రపు కూలికి చేయించిన రోడ్డుపని.

ఈ చరిత్రకూర్పులో రాజు బలమెచట నున్నది? 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగిన సంఘటన దీనికి స్పష్టమైన సాక్ష్యము. ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, తిరుగుబాటుదారులు స్కాట్ కవార్డ్, హైటర్ అను ఆంగ్లాధికారులను మాత్రమే కాల్చిరి. ఇది ఒక్కని బాణపు గురి కాదు. కనుమ మలుపు ఎరిగినవారు, ఆజ్ఞవరకు ఊపిరి బిగబట్టి యుండగలిగినవారు పలువురు కలిసి చేసిన పని. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెమువద్ద, వరిమళ్ల ప్రక్కన, మలబారు స్పెషలు పోలీసులతో ఎదురెదురుగా నిలిచినప్పుడు ఇదే దళము ఘోరముగా దెబ్బతిన్నది. మనుష్యులు వారే, నాయకుడు ఆతడే. చోటు మారినది, బలము పోయినది. తరువాత గ్రామములకు శిక్షలు విధించి, తిండి అందకుండ చేసి, 1924లో అస్సాం రైఫిల్సును దింపిన పిమ్మటనే ప్రభుత్వమునకు పట్టు చిక్కినది. మే 7వ తేదీన రాజు కొయ్యూరువద్ద కాల్చి చంపబడెను. పారిపోవ యత్నించెనని ప్రభుత్వము వ్రాసినది. చెట్టుకు కట్టి కాల్చిరని జనము చెప్పినది.

ప్రభుత్వకూర్పులో అచ్చమైన అంకె యొకటి కలదు. రాజు తలకు 10,000 రూపాయలు, గాము గంటందొర, గాము మల్లుదొరల తలలకు ఒక్కొక్కదానికి 1,000 రూపాయలు వెల కట్టబడినవి. ఇది మన వీరునికి దొరికిన మొదటి బలాంకమని మేము చెప్పుటలో హాస్యము కొంత యున్నను, నిజమే యెక్కువ. పదింటికి ఒకటి: ఇది నాయకునికిని కొండదొరకును మదరాసు ప్రభుత్వము నిర్ణయించిన నిష్పత్తి. శత్రువు వేసిన ఈ లెక్కనుండి తరువాతి కథకులు ఎంత దూరము పోయిరి, ఏ దిక్కునకు పోయిరి అనునదే ఇక చూడవలసినది.

ప్రజలలో పుట్టిన కథలను మొదట చూచెదము. రాజు పట్టుబడలేదు, కొండవారి బాధలు చూడలేక తానై లొంగిపోయెనను కథ కలదు. ఆతడు మరణింపనేలేదు, సన్యాసియై ఎచటనో యున్నాడను కథయు కలదు. చరిత్రకారునికి ఇవి కొట్టివేయదగినవి. కథాపరివర్తనమును చదువువానికి ఇవి యవసరమునుబట్టి పుట్టినవి. గుండు తాకని వీరుడని ఒకసారి యొప్పుకొన్న తరువాత, గుండుచేత మరణించుట నియమవిరుద్ధము. అట్టివాని యంతమునకు ఆతని యనుమతి కావలయును. భీష్ముని మరణము ఆతని యిచ్ఛమీద నున్నట్లే రాజు మరణమును ఆతని యిచ్ఛకు విడువబడినది. జనము నియమము తప్పలేదు. నియమమునకు కట్టుబడి చరిత్రను సవరించినది.

ప్రజానాట్యమండలి కాలమున సుంకర సత్యనారాయణ ఈ కథను బుర్రకథగా వ్రాసినాడు. బుర్రకథ యొక్క నిర్మాణమే బలపరిమాణమునకు ఒక చక్కని కట్టుబాటు. కథకుడు వీరుని పొగడుచుండగా వంతలలో ఒకడు దేశపు కష్టసుఖములు ఎత్తును, వేరొకడు హాస్యమాడును. పొగడ్త ఆకాశమునంటునప్పటికి హాస్యగాడు దానిని నేలకు దింపును. మరల తందాన తాన యనుచు కథ లేచును. వీరుని బలము ఇచట కంటికి కనబడదు. వినువాని యూహలో నెంత పట్టునో అంతయే దాని కొలత. ఒకే బాణము ఒక శ్రోతకు ఒకనిని, మరియొక శ్రోతకు పదుగురిని కూల్చును. కథకుడు లెక్క చెప్పనక్కరలేదు. వెండితెరకు ఈ వెసులుబాటు లేదు. తెరమీద బాణము వదలినచో ఎందరు పడిరో ప్రేక్షకుడు లెక్కపెట్టగలడు. అంకె తప్పనిసరి యైన ప్రక్రియ అది.

1974 మే 1వ తేదీన ఘట్టమనేని కృష్ణ నాయకుడుగా ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రము విడుదలయ్యెను. అమెరికాలో పై యాట అచ్చైనదియు ఆ యేడే. కాకతాళీయమైనను మరువరాని పోలిక. త్రిపురనేని మహారథి రచన, దర్శకుడు వి. రామచంద్రరావు చిత్రీకరణ నడుమనే మరణించెను. శ్రీశ్రీ వ్రాసిన ‘తెలుగు వీర లేవరా’ పాటకు జాతీయ పురస్కారము లభించినది. చింతపల్లి యడవులలో తీసిన ఈ సినిమాస్కోపు చిత్రమున రాజు విగ్రహము పెద్దదైన మాట నిజము. మాటలు బరువైనవి, నడక దేవాలయమున ఉత్సవమూర్తి నడకవలె నున్నది. అయినను మేము దీనిని నిజాయితీగల పరివర్తనమనుచున్నాము. తెర విశాలమగుటచే వీరుని వెనుక కొండ యెప్పుడును కనబడుచునే యుండును. కొండవారి కష్టమే కథకు కారణము. గంటందొర, మల్లుదొరలకు కథలో చోటు కలదు. రూథర్‌ఫర్డు పాత్రను ధరించిన జగ్గయ్య ఎదుటివానికి తగిన గౌరవముగల శత్రువును నిలిపినాడు. శత్రువు చిన్నవాడైనచో వీరుని అంకె ఎంత పెద్దదైనను బలము కనబడదను రహస్యము ఆ రచయితకు తెలియును. పదింటికి ఒకటి యను నిష్పత్తి ఈ చిత్రమున పెరిగినదే గాని, ఒకటి సున్న కాలేదు.

2022 మార్చి 25న విడుదలైన ఎస్. ఎస్. రాజమౌళి చిత్రము ‘ఆర్‌ఆర్‌ఆర్’ మరియొక దారి త్రొక్కినది. తమది కల్పితమని చిత్రకర్తలే చెప్పుకొనిరి. కావున చరిత్రకు విరుద్ధమని దానిని నిందించుటలో పస లేదు. 1940లో జోడేఘాట్‌లో మరణించిన గోండువీరుడు కొమరం భీముని, మన్యపు రాజును, జీవితమున నెన్నడు కలియని యిరువురిని, 1920 నాటి ఢిల్లీలో కలుపుట కవికి చెల్లును. సాతవాహనుడు నాగలోకమునకు పోవచ్చునన్నపుడు వీరు ఢిల్లీకి పోవుటకు అడ్డేమి? మా విచారము బలమును గూర్చినది. ఈ రాజు ఆంగ్లప్రభుత్వపు పోలీసు అధికారిగా మొదట కనబడును. ఠాణా యెదుట సముద్రమువలె క్రమ్మిన జనములోనికి ఒంటరిగా దూకి, వేలమందిని త్రోసికొని పోయి, ఒక్కనిని పట్టి తెచ్చును. చిత్రము తన కొలబద్దను ఇచటనే ప్రకటించినది: ఒక్కని దేహము ఎక్కువ, జనసమూహము తక్కువ. ఈ దృశ్యమును తీసిన నైపుణ్యము అసాధారణమని ఒప్పుకొనవలయును. కాని చింతపల్లి ఠాణాలోనికి ఎవరు ఎవరితో పోయిరో ఎరిగినవానికి ఇది అద్దములోని ప్రతిబింబమువలె కుడియెడమలు తారుమారైన చిత్తరువు.

ఆశ్చర్యమేమనగా, ఈ చిత్రమునందును కథకు ఇరుసు తుపాకియే. తన యూరివారి ప్రతి చేతికిని ఒక ఆయుధము నిత్తునని రాజు తండ్రికి మాట యిచ్చియుండును. ఆ మాటకై పరాయి కొలువులో చేరును. మల్లయ్య వెదురుకఱ్ఱల వాగ్దానము, రాజు 26 తుపాకులు, ఈ చిత్రపు ఆయుధప్రతిజ్ఞ, ఒకే ప్రశ్నకు నూటిరువది యేండ్ల దూరమున వచ్చిన మూడు సమాధానములు. చిత్రకర్తలు మన్యపు కథకు ప్రాణమెచటనున్నదో గుర్తించిరనుటకు ఇది నిదర్శనము. గుర్తించియు చివరకు ఏమి చేసిరి? తుపాకులు ఊరు చేరునప్పటికి యుద్ధము ముగిసినది. కాషాయము ధరించి, విల్లు పట్టి, శ్రీరామునిపోలిక నిలిచిన రాజును, ఆతని ప్రక్కన భీముడును తామిద్దరే ఆ పని ముగించిరి. ఇక ప్రతి చేతికిని వచ్చిన ఆయుధము ఏమి చేయవలయును? వేడుకకు పైకెత్తి చూపవలయును. అంతే!

అదివ్యుని దివ్యుని చేయుట దోషమని మేము అనుటలేదు. కొండవారే ఆతనిని దివ్యాదివ్యునిగా తలచిరి. లోకప్రసిద్ధమైన ప్రభావమునకు ఆనందవర్ధనుని యనుమతి యున్నది. కాని కొండవారి దివ్యత్వము పంచిపెట్టబడునది. నాయకుని గుండు తాకదనిన, ఆతని వెంట నడచువానికిని ధైర్యము వచ్చును. అందులకే ఆ నమ్మకము పుట్టినది. వెండితెర దివ్యత్వము కూడబెట్టబడునది. నాయకునికి చేరిన ప్రతి యంకెయు ఎవరినుండియో తీసినదే. చివరి దృశ్యమున ఏమి కావలయునని రాజు అడుగగా భీముడు చదువు కావలెననును. రాజు జెండాపై ‘జల్, జంగల్, జమీన్’ అని వ్రాయును. ఆ మూడు మాటలు భీముని ఉద్యమమునకు సంబంధించినవి. గిరిజనవీరుని నినాదమును ఆతనికే విద్యాదానముగా నిచ్చుట ఏ కూర్పు నియమమున న్యాయమగునో మాకు అర్థము కాలేదు. పదింటికి ఒకటి యను మదరాసు ప్రభుత్వపు లెక్క ఇంతకంటె ఉదారమైనదని చెప్పవలసివచ్చుట విచారకరము.

ఈ చిత్రము విడుదలైన పదియవ దినమున, 2022 ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. అరకులోయయు, చింతపల్లియు అందు చేరినవి. కొండలకు వీరుని పేరు పెట్టుట సముచితమే. వీరుని కథలో కొండవారి పేర్లెన్ని మిగిలినవో చూచుట సాహిత్యవిద్యార్థుల పని.

గంటందొర 1924 జూన్ మాసమున కాల్పులలో మరణించెను. కావున ఆతనిని ఏ కథకుడైనను ఏ కూర్పులోనికైనను తేవచ్చును, వీరమరణమునకు మన ప్రక్రియలన్నిటను నియమము కలదు. చిక్కు మల్లుదొరతో వచ్చును. ఆతడు పట్టుబడెను, మరణశిక్ష పడెను, అది తగ్గి అండమానుకు పంపబడెను, తిరిగివచ్చెను. 1952లో స్వతంత్రభారతపు మొదటి లోక్‌సభకు విశాఖపట్టణమునుండి ఎన్నికయ్యెను. తుపాకి పట్టిన చేయి, సంకెల పడిన చేయి, శాసనసభలో ఎత్తిన చేయి ఒక్కటే. ఇట్టి బలమును దెబ్బలతో గాని బాణములతో గాని లెక్కింపరాదు; వేయి రూపాయల వెల దీనికి చాలదు, పదివేలును చాలదు. బుర్రకథలో వంత ఈ వీరుని ఏ ఘట్టమున తందాన యని యెత్తుకొనవలయును? తెరమీద ఈతని పతాకదృశ్యమేది? అడవిచట్టములను చేయు సభలోనికి అడవిచట్టమునకు తిరుగబడినవాడు నడచిపోవుట మన్యపు కథలన్నిటిలో పెద్ద పరివర్తనమని మా యభిప్రాయము. ఆ నడకను వర్ణింపవలెనన్నచో ముందుగా ఆ సభ ద్వారమెంత యెత్తో, గూడెమునుండి అచటికి ఎన్ని మెట్లో కథకుడు కొలుచుకొనవలయును.